చూరు కింద బిందె

"పోర్టుబ్లేరు!"

కవరు చించిన జయరాముడు వాకిట్లోంచే అరిచాడు. పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్న అంజనమ్మ తెడ్డుతో సహా పరుగెత్తుకొచ్చింది. పెళ్లయి నలభై రెండు రోజులు. మొగుడు ఊరికే పిలిచినా ఆమె పరుగెత్తుకొచ్చే రోజులవి.

జయరాముడిది వానలు కొలిచే ఉద్యోగం. బెళుగుప్పలో మూడేళ్లుగా రోజూ పొద్దున్నే వానను కొలిచే డబ్బాలోకి తొంగి చూసి, పుస్తకంలో సున్నా వేసి ఇంటికొస్తున్నాడు. ఇప్పుడు అతణ్ణి అండమాన్ దీవులకు మార్చారు.

"రైలెక్కి మద్రాసు, ఆడ ఓడ. నాలుగు దినాలు సముద్రం మీదే!"

"ఓడలో కిటికీ పక్కన నేనే పండుకుంటా. ఇప్పుడే చెప్తాండా" అంది అంజనమ్మ.

"ఎవురు పోయేది?"

గడపలో అత్త భద్రమ్మ నిలబడి ఉంది. నెత్తి మీద బిందె, చంకలో బిందె. బోరింగు దగ్గర రెండు గంటలు నిలబడి వచ్చిన ముఖం.

"నేనూ అంజనా, అమ్మా."

"ఉద్యోగం నీది, నువ్వు పో. ఆ పిల్లను నీళ్ల నడిమిట్లోకి నేను పంపను."

ప్రయాణానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. అంజనమ్మ ఏడవలేదు, అలగలేదు. అనంతపురం కాలేజీలో బి.ఎ. చదివిన పిల్ల. మరునాడే బడి నుంచి పటాల పుస్తకం అడిగి తెచ్చి, అత్త ముందు పరిచింది.

"ఇవే అత్తా ఆ దీవులు."

భద్రమ్మ వంగి చూసింది. "ఏమ్మే, రాగిగింజంత కూడా లేవు. వీటి మీద మనుషులు యాడ నిలబడతారు?"

"పటంలో అంతే అత్తా. పోయి చూస్తే అడవులు, కొండలు, ఊర్లు."

"ఆడ మన మాట తెలిసినోళ్లు ఉంటారా?"

"శానామంది ఉండారంట. తెలుగు బడి కూడా ఉండాదంట."

"రాగులు?"

"దొరకవేమో."

"చూస్తివా!" అని భద్రమ్మ లేచిపోయింది.

జయరాముడు నవ్వాడు. "మా యమ్మను గెలవడం మీ కాలేజీలో నేర్పలేదు కదా!"

మూడో రోజు ఓడ సంగతి వచ్చింది.

"ఊగుతాదా?"

"ఊగుతాది అత్తా. అలవాటు లేనోళ్లకు తల తిరుగుతాదంట. రెండు దినాలకు సర్దుకుంటాది."

ఆ మధ్యాహ్నం నుంచి భద్రమ్మ ఎదురింటి మారెమ్మ వాళ్ల ఉయ్యాలలో కూర్చోవడం మొదలుపెట్టింది. రోజూ గంటసేపు, కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టి.

"ఏమత్తా అది?"

"మోకాళ్ల నొప్పులు. నీకేల?"

అత్త అలిగిందనుకుంది అంజనమ్మ. ఇక ఆమె దగ్గర ఒక్క మాటే మిగిలింది. ఏడో రోజు, అత్త బోరింగు నుంచి వచ్చి బిందె దించుతున్నప్పుడు ఆ మాట అనేసింది.

"ఆడ ఏడాదికి ఎనిమిది నెలలు వాన అత్తా. చూరు కింద బిందె పెడితే చాలు, నిండిపోతాది."

భద్రమ్మ చేతిలో బిందె అలాగే ఆగిపోయింది.

"ఎనిమిది దినాలా?"

"నెలలు!"

"వరుస లేదా? కొట్లాట లేదా?"

"వానకు వరుస ఏమిటత్తా?"

"అబద్ధాలు చెప్పొద్దు" అంది భద్రమ్మ. కాని ఆ పూట సంగటి సగంలోనే వదిలేసింది.

మరునాటి నుంచి ఇంట్లో వింతలు మొదలయ్యాయి. భద్రమ్మ తన రెండు కోళ్లనూ పక్కింట్లో ఉండే పెద్దకోడలికి ఇచ్చేసింది. "వాటి అరుపు వింటే ఒళ్లు మండుతాండాది" అంది. రాగులు విసిరి విసిరి పెద్ద డబ్బా నిండా పిండి నింపింది. ఇత్తడి బిందెను చింతపండుతో అద్దంలా తోమింది.

ఆ డబ్బా చూసి అంజనమ్మ జయరాముడి దగ్గరికి పరుగెత్తింది.

"ఏడాదికి సరిపోయే పిండి. మిమ్మల్ని ఒక్కరినే పంపేస్తాండాది" అంది మొగుడి చొక్కా గుండీ మెలిపెడుతూ.

"ఏడాది కాదు, నువ్వు లేకుంటే నేను ఎనిమిది దినాలు కూడా ఉండలేను. వాన పడినా పుస్తకంలో సున్నాలే వేస్తా" అన్నాడు జయరాముడు.

అంజనమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

పన్నెండో రోజు సాయంత్రం జయరాముడు ధైర్యం చేసి తల్లి ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఆఖరి మాట అడుగుతాండా. అంజనను..."

"ఏమ్మే అంజనమ్మా" అంది భద్రమ్మ, కొడుకు వైపు చూడకుండా. "ఆ మూల ఏడుపుముఖం పెట్టుకుని యాల నిలబడినావు? నీ పెట్టె సర్దుకో పో."

అంజనమ్మ నమ్మలేదు. "నన్నా అత్తా?"

"నిన్నే. రేపు పొద్దున అయిదు గంటల బస్సుకు గుంతకల్లు, ఆడ మద్రాసు రైలు. నీళ్లు పోసుకోవాల, జడ వేసుకోవాల అని ఆలస్యం చేస్తే ఊరుకునేది లేదు."

అంజనమ్మ అత్త కాళ్లకు దండం పెట్టి, లేచి, పటాల పుస్తకం గుండెకు హత్తుకుని గిర్రున తిరిగింది. గెలిచాననుకుంది.

"ఆగుమ్మే, ఒక్క మాట."

"చెప్పత్తా! ఏం చెప్పినా సరే!"

భద్రమ్మ తోమిన ఇత్తడి బిందెను తెచ్చి రాగిపిండి డబ్బా పక్కన పెట్టింది.

"ఓడలో కిటికీ పక్కన నేను పండుకుంటా."