మోకాళ్ల సాక్ష్యం

“దొంగతనం మీద రాయించిన పరీక్ష కాగితాల్నే దొంగలెత్తుకుపోయారా మాస్టారూ?” అంటూ హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్లజోడు తీసిందంటే ఎవరికో మూడిందన్నమాటే.

బైబిలు పాఠాలు చెప్పే సత్యోపదేశం మాస్టారు చెమట తుడుచుకున్నాడు. “అవును సిస్టర్. ఏడో ఆజ్ఞ, ‘దొంగిలించరాదు’. తొమ్మిదో తరగతి, ముప్ఫై ఆరు మంది. ఎర్ర దారంతో కట్ట కట్టాను. పొద్దున చూస్తే సొరుగులో లేదు. నా ఎర్ర పెన్ను కూడా కొట్టేశారు, గడుగ్గాయిలు!”

“సాయంత్రం నాలుగింటికి ఆ కట్ట బిషప్ గారి ఆఫీసుకి చేరాలి. చేరకపోతే రేపట్నుంచి సత్యోపదేశం ఇంకొకరు చెప్తారు. మీరు డ్రిల్లు చెప్పుకోండి.”

మాస్టారు తన పొట్ట వంక చూసుకున్నాడు. ఈ వయసులో ఈల ఊదుతూ మైదానం చుట్టూ పరుగెత్తాలా?

“పిల్లల మీద నింద వేసే ముందు బాగా వెతికారా?”

“ఎంత మాట సిస్టర్! సొరుగు, సంచి, స్టాఫ్‌రూమ్ అంతా జల్లెడ పట్టేశాను.”

సిస్టర్ కాస్త మెత్తబడింది. “మీరు నిర్లక్ష్యం మనిషి కాదులెండి. నిన్న సాయంత్రం ప్రార్థనలో చూశానుగా! ఆఖరి బెంచీలో కూర్చుని, వంచిన తల ఎత్తితే ఒట్టు. అంత భక్తి ఈ రోజుల్లో ఎవరికుంది?”

మాస్టారు వినయంగా దగ్గి, మాట మార్చాడు. “ఇవాళ ఆ తరగతికి పాపసంకీర్తనం ఉంది. తీసిన పిల్ల ఫాదర్ దగ్గర ఆ పాపం చెప్పుకోక తప్పదు.”

“ఫాదర్ పీక మీద కత్తి పెట్టినా మీకు చెప్పరు.”

“ఆయన చెప్పక్కర్లేదు సిస్టర్, మోకాళ్లు చెప్తాయి. ఎంత పాపానికి అంత ప్రాయశ్చిత్తం. చిన్న అబద్ధానికైతే ఒక్క జపం, నిమిషంలో లేచిపోతారు. ఇంత ఘనకార్యానికి బోలెడు జపాలు పడతాయి. అందరికంటే ఎక్కువసేపు మోకాళ్ల మీద ఎవరుంటే వాళ్లే దొంగ. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టే ఇదీను.”

“తిరుగులేదుగా?”

“నూటికి నూరుపాళ్లు!”

మధ్యాహ్నం చాపెల్‌లో మాస్టారు స్తంభం చాటున నిలబడి చేతి గడియారం చూస్తున్నాడు. ఆడపిల్లలు ఒక్కొక్కరే ఫాదర్ కూర్చున్న చెక్క గూడు దగ్గరికి వెళ్లి, పాపాలు చెప్పుకుని, బెంచీల దగ్గర మోకాళ్లూని, లేచి పోతున్నారు. ఒకతె రెండు నిమిషాలు. ఇంకొకతె నిమిషమున్నర. క్లాసు ఫస్టు పిల్లకు నాలుగు నిమిషాలు పట్టేసరికి మాస్టారు నోరెళ్లబెట్టాడు.

చివరికి క్లాసులో వాగుడుకాయ అని పేరుపడ్డ పిల్ల వంతు వచ్చింది. ఐదు నిమిషాలు. ఎనిమిది. పదకొండు! మాస్టారు పిల్లి ఎలక మీద పడ్డట్టు పడ్డాడు.

“దొరికావే! ఇంతసేపు ఏం చేస్తున్నావిక్కడ?”

“ఫాదర్ మూడు పరలోక జపాలు చెప్పమన్నారు సార్. నాకు రెండో సగం రాదు.”

“అయితే?”

“మొదటి సగమే ఆరుసార్లు చెప్తున్నాను. మధ్యలో లెక్క తప్పితే మళ్లీ మొదట్నుంచి.”

రెండో సగం నేర్పాల్సింది తనేనని గుర్తొచ్చి మాస్టారు నాలిక కరుచుకున్నాడు. ఇంతలో గూడు తెర కొంచెం పక్కకు జరిగింది.

“స్తంభం చాటు మాస్టారూ, మీరూ ఓసారి రండి,” అని ఫాదర్ పిలిచాడు.

వెళ్లాక దాచడం కుదురుతుందా? ఉన్నదంతా కక్కేశాడు.

“పిల్లల ప్రాయశ్చిత్తానికి గడియారం పెట్టారా? సిగ్గులేదూ?” ఫాదర్ గొంతు తగ్గించి తిట్టాడు. “పూర్తి జపమాల చెప్పండి. మోకాళ్ల మీద. ఇప్పుడే.”

మాస్టారు ఉసూరుమంటూ తనకు అలవాటైన ఆఖరి బెంచీ చేరి, కీళ్లు కటకటమంటుండగా మోకాళ్లూని, పూస తర్వాత పూస తిప్పడం మొదలుపెట్టాడు. నడుం పట్టేసింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. ఆఖరి పూస దాటి కళ్లు తెరిస్తే ఎదురుగా సిస్టర్ నిలబడి ఉంది. ఆవిడ చేతిలో గడియారం ఉంది. కళ్లకు జోడు లేదు.

“ఇరవై ఆరు నిమిషాలు,” అంది సిస్టర్. “కట్ట ఎక్కడ దాచారు మాస్టారూ?”

“నేనా! అయ్యో దేవుడా! నా కాగితాలు నేనెందుకు తీస్తాను?”

“మీ పద్ధతికి తిరుగులేదన్నారుగా?”

“తప్పే సిస్టర్! అదంతా పిచ్చి పద్ధతి! దేవుడి ఎదుట చెప్తున్నాను, ఆ కట్ట ఎక్కడుందో నాకు తెలిస్తే ఒట్టు!” అని ఆవేశంగా చెయ్యి విసిరాడు. జపమాల జారి బెంచీ కిందికి పోయింది.

తీయడానికి మాస్టారు వంగాడు. ఆయనతో పాటు సిస్టరూ, ఫాదరూ, వాగుడుకాయా వంగారు.

బెంచీ కింద, నిన్న సాయంత్రం ఆయన వంచిన తల ఎత్తకుండా కూర్చున్న సరిగ్గా ఆ చోటే, ఎర్ర దారం కట్ట ఉంది. పైకాగితం సగం దిద్ది ఉంది. దాని మీద మూత కూడా పెట్టని ఎర్ర పెన్ను ఉంది.