పై పెదవి మీద తడి

“మిషను తప్పేం లేదండీ,” అన్నాడు నిద్ర క్లినిక్కులో టెక్నీషియను, గురక మిషనులోంచి తీసిన కార్డు కంప్యూటర్లో పెట్టి చూస్తూ. “గాలి సరిగ్గానే వెళ్తోంది. మీ ఊపిరి ఒక్కసారి కూడా ఆగలేదు. కానీ రాత్రికి ఐదారుసార్లు మాస్కు పక్కకి జరుగుతోంది. అర నిమిషం, అంతే. మళ్ళీ సర్దుకుంటోంది. నిద్రలో మీరే లాగేసుకుంటున్నారు.”

“నేను తీయట్లేదు,” అన్నాడతను.

“అందరూ అదే అంటారు.”

పక్క కుర్చీలో భార్య ఒళ్ళో సంచి పట్టుకుని కూర్చుంది. వచ్చినప్పటినుంచి ఆమె అడిగింది ఒక్కటే ప్రశ్న. “ఇది పెట్టుకుంటే గురక అసలు ఉండదాండీ? కొంచెం కూడా?”

“చీమ నడిచినంత చప్పుడు కూడా ఉండదమ్మా. ఇక మీకూ హాయి.”

ఆమె ఒళ్ళో సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

అతను ముప్ఫై అంతస్తుల ఎత్తున కూర్చుని క్రేను నడుపుతాడు. కింద పనిచేసేవాళ్ళు అతన్ని పైవాడు అని పిలుస్తారు. భారమంతా పైవాడి మీద వేశాం అని నవ్వుకుంటారు. ఈమధ్య ఆ నవ్వు ఆగిపోయింది. కొక్కేనికి ఇనుప కడ్డీల కట్ట వేలాడుతుండగా పైవాడు కునుకు తీశాడు. కట్ట పదిమంది నెత్తిమీదుగా ఊగి, గోడకి కొట్టుకుని ఆగింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. ఫోర్‌మన్ మాత్రం రెండు నెలల గడువిచ్చాడు. రాత్రులు సరిగ్గా నిద్రపోతున్నట్టు క్లినిక్కు నుంచి కాగితం తేకపోతే ఇక క్రేను ఎక్కనివ్వనన్నాడు. ఆ గడువులో ఇంక ఆరు రోజులే మిగిలాయి. మాస్కు ఇలా జరుగుతున్నంతకాలం క్లినిక్కు ఆ కాగితం ఇవ్వదు.

అసలు సంగతి అతను టెక్నీషియనుకి చెప్పలేదు. చెప్తే పిచ్చాసుపత్రికి దారి చూపిస్తాడని భయం. మెలకువ వచ్చే ముందు, ప్రతిసారీ, పై పెదవి మీద చల్లటి తడి తగులుతుంది. వేలి కొసంత. కళ్ళు తెరిస్తే చీకటి. మాస్కు ముక్కుమీదే ఉంటుంది. మిషను బుసకొడుతూ ఉంటుంది. ఇటు వీపు పెట్టి పడుకున్న భార్య, ఆమెకి అవతల బల్లమీద మంచినీళ్ళ గ్లాసు. ఇంకెవరూ ఉండరు.

ఆ తడి ఎవరిదో అతనికి తెలుసు. మొదటి భార్యది. పన్నెండేళ్ళు అతని గురకతో వేగింది. భరించలేనప్పుడు లేచి, వేళ్ళు నీళ్ళలో ముంచి అతని మొహాన చిలకరించేది. “ఒక్క రాత్రి నన్ను నిద్రపోనివ్వండి, చాలు,” అనేది. ఆ ఒక్క రాత్రీ రాకుండానే జబ్బుచేసి పోయింది. తీరా ఇప్పుడు గురక ఆగింది. నాకివ్వని నిద్ర ఇంకొకరికి ఇచ్చారా అని అడగడానికి వస్తోంది. అలా అనిపించినప్పుడల్లా అతనికి ఒళ్ళు జలదరించేది, ఏడుపూ వచ్చేది.

ఈ మాట రెండో ఆమెతో ఎలా అంటాడు? పాపం, ఆమె అతని గురకని ఏనాడూ ఒక్కమాట అనలేదు. పెళ్ళికి ముందు, టీ కొట్లో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు, అతనే ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

“నేను గురక పెడతానండీ. మామూలుగా కాదు, ఇల్లు ఎగిరిపోతుంది.”

ఆమె అప్పుడే మొదటిసారి తలెత్తి అతని మొహంలోకి చూసింది. “తెల్లవార్లూ పెడతారా?”

“తెల్లవార్లూ.”

“అయితే సరేనండీ,” అంది.

అది తలుచుకుని అతని అక్క ఇప్పటికీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది.

క్లినిక్కు నుంచి వచ్చిన రాత్రి అతను తనకి తెలిసిన పనే చేశాడు. క్రేను ఇనుప తాడుకి పూసే నల్ల గ్రీజు ఇంట్లో చిన్న డబ్బాలో ఉంది. అది అంటుకుంటే కిరసనాయిలుతో కడిగినా రెండు రోజులు వదలదు. భార్య వంటింట్లో ఉండగా మాస్కు పెట్టుకుని, దాని అంచులకి పుల్లతో గ్రీజు రాసి, దీపం ఆర్పేశాడు. తెల్లారి తన చేతులు నల్లగా ఉంటే టెక్నీషియను మాటే నిజం. లేకపోతే ఏమిటో ఆలోచించడానికి ధైర్యం చాలలేదు.

ఆరుసార్లు మెలకువ వచ్చింది. ఆరుసార్లూ తడి.

పొద్దున్నే కిటికీ దగ్గరికెళ్ళి చేతులు చూసుకున్నాడు. ఎక్కడా మరక లేదు. మాస్కు మీద మాత్రం గ్రీజు అలుక్కుపోయి ఉంది. వచ్చి మంచంమీద కూలబడ్డాడు.

“నన్ను క్షమించవే,” అన్నాడు ఖాళీ గదితో.

భార్య టీ తెచ్చింది. రోజూలాగే, అతను లేచి కూర్చున్నాడో లేదో గుమ్మంలోంచి చూసుకుని మరీ లోపలికొచ్చింది. గ్లాసు అందిస్తుంటే ఆమె వేళ్ళు కనపడ్డాయి. తోమి తోమి ఎర్రబడ్డాయి. గోళ్ళ సందుల్లో నలుపు అలాగే ఉంది.

అతనికి ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే కోపం వచ్చింది.

“నువ్వా? ఆరు రోజుల్లో నా పని పోతుందని తెలుసు కదా.”

“తెలుసండీ.”

“తెలిసి ఎందుకిలా చంపుతున్నావు నన్ను?”

ఆమె తన వైపు బల్లమీదున్న నీళ్ళ గ్లాసుకేసి చూసింది. “తడి వేలికైతే ఊపిరి బాగా తెలుస్తుంది,” అంది మెల్లగా. “ఆ మిషను చప్పుడులో మీది వినపడట్లేదు.”

“హాయిగా నిద్రపోతున్నానని కనపడట్లేదా?”

“మా మొదటాయన కూడా ఆవేళ హాయిగా నిద్రపోతున్నారనే అనుకుని, టీ చల్లారేదాకా లేపకుండా పక్కనే కూర్చున్నానండీ.”