స్పా ఊరి ముద్ర

గిన్నెలో నీళ్లు నల్లబడుతున్నాయి. సుప్రజ గబుక్కున స్టాంపును పైకి తీసింది. దాని మీది అక్షరాలు అప్పటికే చెదిరి సగం పోయాయి.

వెనక అంటుకున్న పాత కాగితం నానబెట్టి ఊడదీసి, మామ సుబ్బయ్యకు ఆల్బం కొత్తగా సర్దిపెట్టాలనుకుంది. అన్ని స్టాంపుల్లోకీ ఆయన ప్రాణంగా చూసుకునేది ఈ బెల్జియం స్టాంపునే. "అమ్మకముందే పోస్టాఫీసోళ్లు దీని మీద ఊరి పేరు, సంవత్సరం అచ్చేస్తారు, మళ్లీ ముద్ర కొట్టే పని లేకుండా. ఇది స్పా అనే ఊరిది. యాడా దొరకదు. మా బొజ్జన్న తెచ్చిచ్చినాడు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపించేవాడు.

మామ మధ్యాహ్నం కునుకు తీస్తుండగా సుప్రజ షేర్ ఆటో ఎక్కి కల్లూరులో బొజ్జన్న ఇంటికి పోయింది. ఆయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు.

"ఎంత పని చేసినానో చూడండి సార్. మామకు మొగం ఎట్లా చూపించేది? మీ దగ్గర ఇట్లాంటిది ఇంకోటి ఉంటే ఇవ్వండి."

బొజ్జన్న భూతద్దం తీసుకుని చూశాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"నీ తప్పేం లేదమ్మా. అసలు ముద్రయితే అచ్చు సిరాతో వేస్తారు. నీళ్లల్లో నానేసినా పోదు."

"అంటే ఇది దొంగ ముద్రా? ఎవరన్నా మిమ్మల్ని మోసం చేసినారా?"

"నేనే మోసం చేసినా. గుండె ఆపరేషనప్పుడు మీ మామది ఒకటే మాట, ఆ స్టాంపు కంటితో చూస్తే చాలప్పా అని. శానా వెతికినా. దొరకలేదు. మామూలు స్టాంపు మీద సన్న కుంచెతో నేనే రాసిచ్చినా. కళ్లకద్దుకున్నాడు. అప్పట్నుంచి మీ ఇంట్లో కాఫీ తాగాలన్నా గొంతు దిగదు."

ఇద్దరూ కలిసి బయలుదేరారు.

సుబ్బయ్య లేచి వరండాలో కూర్చునున్నాడు. సుప్రజ అరచేయి చాపి తడి స్టాంపు చూపించింది.

"నేనే పాడు చేసినాను మామా..."

"ఆ పాపను ఏమనొద్దు సుబ్బయ్యా" అంటూ బొజ్జన్న చేతులు జోడించాడు. "నీకు దొంగ స్టాంపిచ్చినా. ఆ అక్షరాలు నేను రాసినవి. ఇన్నేళ్లూ చెప్పలేకపోయినా."

సుబ్బయ్య మొహం పాలిపోయింది. స్టాంపు వైపు చూడనే లేదు. స్నేహితుడి చేతులు పట్టుకుని కిందికి దించాడు.

"నువ్వు రాసినవి ఆసుపత్రిలోనే పోయినాయప్పా. మందు మింగుతాంటే గ్లాసు ఒలికింది. ఎవరో నిన్ను మోసం చేసినారనుకున్నా. తెలిస్తే కుమిలిపోతావని..."

సుప్రజ అరచేతిలోని స్టాంపు వైపు వేలు చూపించాడు.

"ఇవి నేను రాసినవి."