మోకాళ్ల కరెంటు

"దాని జోలికి మాత్రం రావద్దమ్మా," అన్నాడు మామగారు, మూలనున్న పాత వెల్డింగ్ మిషన్‌కి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంటూ.

కోడలి చేతిలో టెస్టరు ఉంది. పెళ్లికి ముందు నుంచీ ఆమెది కరెంటు పనే. ఊళ్లో సగం కార్ఖానాలకి బోర్డులు బిగించిన మనిషికి, సొంతింటి వెల్డింగ్ షాపులో వైర్లు పీలికలై వేలాడుతుంటే నామోషీగా ఉండదూ? అన్నీ పీకేసి కొత్త వైరింగు చేస్తానని మొగుణ్ణి ఒప్పించింది. ఒప్పుకోనిదల్లా మామగారే.

ఆయన బాధ ఆయనది. నలభై ఏళ్లు ఆ మిషన్‌తోనే గేట్లూ గ్రిల్లులూ అతికాడు. దానికి 'ముసల్ది' అని పేరు కూడా పెట్టుకున్నాడు. ముసల్దాని లోపల ఎక్కడో కరెంటు లీకవుతుంది. పైన చెయ్యి వేస్తే సన్నగా జివ్వుమంటుంది. ఇంకెవరైనా అయితే చటుక్కున చెయ్యి లాక్కుంటారు. మామగారు మాత్రం రోజూ పొద్దున్నే రెండు అరచేతులూ ఆనించి, కళ్లు మూసుకుని, వందదాకా లెక్కపెడతాడు. ఆ జివ్వు మోకాళ్లలోకి దిగితే గానీ కీళ్లు కదలవని ఆయన నమ్మకం. డాక్టరు మాత్రలకి తగ్గని నొప్పి దీనికి తగ్గిందంటే, కాదనడానికి మనమెవరం?

ఆయన గది షాపు పైన ఉంది. పద్దెనిమిది ఇనప మెట్లు. మెట్లెక్కలేని రోజున మంచం కిందికి దింపేస్తానని కొడుకు ఎప్పుడో చెప్పాడు. పైన గాలీ వెలుతురూ ఉన్నాయి, తన రేడియో ఉంది, అడిగేవాడు లేడు. ఆ గది పోతే ఇక తను బతికి దండగ అనుకుంటాడు ఆయన.

కోడలు నెమ్మదిగానే చెప్పి చూసింది. ఇవాళ జివ్వుమన్నదే, నేల తడిగా ఉన్న రోజున మనిషిని పట్టి చంపేస్తుందని. ఎర్త్ కట్టి ఆ లీకును భూమిలోకి పంపేయాలని. ఇది కొరివితో తల గోక్కోవడమేనని కూడా అంది.

"నలభై ఏళ్లుగా గోక్కుంటున్నాను. తల ఉందిగా," అన్నాడాయన.

చివరికి ఎలాగో రాజీ కుదిరింది. ముసల్దానికి చిట్లిపోయిన పాత కేబుల్ తీసేసి కొత్తది వేయవచ్చు. అంతే. అదీ తన కళ్లముందే. ఆమె నల్లటి లావు కేబుల్ ఒక్కటి బిగించి, పనిముట్లు సర్దుకుని లేచింది. మెయిన్ వేయగానే ఆయన అరచేతులు ఆనించాడు. జివ్వుమంది. హమ్మయ్య అనుకున్నాడు.

కానీ అనుమానం పెనుభూతం కదా. నాలుగు రోజులయ్యేసరికి జివ్వు కాస్త మందగించిందేమో అనిపించింది. కొత్త కేబుల్‌ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. ఒకసారి స్క్రూడ్రైవరు కూడా పట్టాడు. కోడలు అటుగా రావడంతో వీపు గోక్కుంటున్నట్టు నటించాడు.

మర్నాడు పొద్దున దిగి వచ్చేసరికి, ముసల్దాని కాలి దగ్గరి బోల్టుకి నిగనిగలాడే ఆకుపచ్చ తీగ కట్టి ఉంది. రెండో కొస గోడలోకి దూరిపోయింది.

"ఎర్త్ కట్టేశాను మామయ్యా. తిట్టుకుంటే తిట్టుకోండి," అంది కోడలు.

చెయ్యి వేశాడు. చల్లటి ఇనుము, ఉలుకూ పలుకూ లేదు. ఆ పూట మెట్లెక్కడానికి పావుగంట పట్టింది. మర్నాడు సగంలోనే చతికిలబడ్డాడు. కొడుకు మంచం మాట ఎత్తాడు. ముసలాయనకి ఏడుపొచ్చింది.

ఏడ్చి ఊరుకునే రకమా ఆయన? మూడో రోజు మధ్యాహ్నం ఇద్దరూ బయటికి వెళ్లిన సందు చూసి స్పానరు అందుకున్నాడు. బోల్టు వదులు చేశాడు. ఆకుపచ్చ తీగ ఊడదీసి, చూసేవాళ్లకి తగిలించినట్టే ఉండేలా వెనక్కి దోపాడు. అరచేతులు ఆనించాడు.

జివ్వుమంది. మునుపటికంటే ఘాటుగా. వందా లెక్కపెట్టి, పద్దెనిమిది మెట్లూ గబగబా ఎక్కి, పైనుంచి ముసల్దానికి ఓ దండం పెట్టాడు.

అక్కణ్ణుంచి మొదలైంది నాటకం. కోడలి ఎదుట గోడ పట్టుకుని కుంటడం, ఆమె అటు తిరగ్గానే దొరలా నడవడం. ఇంకా జివ్వుమంటోందా అని ఆమె అడిగితే, దాని ఊపిరి తీసేశావుగా తల్లీ అని నిట్టూర్చడం. ఒకరోజు ఏ కాలు కుంటాలో మర్చిపోయి రెండో కాలు కుంటాడు. ఆమె చూడలేదులే అని సర్దుకున్నాడు. కోడల్ని మోసం చేస్తున్నందుకు కాస్త సిగ్గేసింది గానీ, మోకాళ్ల ముందు సిగ్గెంత?

వారం తిరిగాక ఓ పొద్దున కొడుకు షాపు నేల కడిగాడు. బకెట్టు పక్కన పెట్టి చూస్తే, ఆకుపచ్చ తీగ బోల్టుకి లేదు. నేలంతా నీళ్లు. ఆ నీళ్లలో, మెయిన్ వేసి ఉన్న ముసల్దాని మీద అరచేతులు ఆనించి, వట్టి కాళ్లతో నిలబడి, నాన్న హాయిగా అరవై ఒకటి, అరవై రెండు అంటున్నాడు.

కొడుక్కి పైప్రాణాలు పైనే పోయాయి. మెయిన్ ఆపడానికి బోర్డు దగ్గరికి ఉరికాడు. అక్కడ కోడలు నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"అరవకండి, మామయ్య లెక్క తప్పుతారు," అని గొంతు తగ్గించింది. "ఎర్త్ మొదటి రోజే ఆయన కళ్లముందే ఆ నల్ల కేబుల్ లోపల వేసేశాను. ఆ కేబుల్‌ని విప్పకుండా ఉండాలనే, విప్పుకోవడానికి ఆ ఉత్తి తీగ ఇచ్చాను."