పదిహేడో ఎక్కం

"ఈ వేషం నాది కాకపోతే ఇంకెవరిదే?" అన్నాడు శ్రీకృష్ణ, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ.

పన్నెండేళ్ళుగా సినిమాల్లో ఉన్నాడు. "కారు రెడీ సార్", "అమ్మగారు రమ్మంటున్నారు". ఇంతకు మించి నోరు తెరిచే అవకాశం ఏ మహానుభావుడూ ఇవ్వలేదు. ఇప్పుడు దర్శకుడు అద్వైత్ కొత్త సినిమాలో హీరో అన్నయ్య వేషానికి మనిషి కావాలట. ఆ అన్నయ్యకు క్లస్టర్ తలనొప్పి. అర్ధరాత్రి నిద్రలోంచి లేపి మరీ చావగొట్టే రకం. మూడు పెద్ద సీన్లు! సినిమావాళ్ళ అలవాటు ప్రకారం అద్వైత్ ఎక్కడో గుట్టుగా ఫ్లాట్ అద్దెకు తీసుకుని, ఫోను కట్టేసి, నెల్లాళ్ళుగా ఆ కథ మీదే కూర్చున్నాడట.

"నెల రోజులుగా రాత్రి ఒంటిగంటన్నరకు లేచి కూర్చుంటున్నాను. ఆ కష్టం ఊరికే పోతుందా?"

"మీరొక్కరే లేస్తున్నారా? పదిహేడో ఎక్కం నాకూ నోటికొచ్చేసింది," అంది భార్య పూజిత, చెవుల్లోంచి దూది తీసి పారేస్తూ. "వెంగళరావు నగర్‌లో మా అన్నయ్యవాళ్ళ పక్కిల్లు ఖాళీగా ఉందంటే వినరు కదా! అక్కడికి మారితే హాయిగా నిద్రపోతాం."

"ఈ వేషం తేలేదాకా ఫిల్మ్ నగర్ వదిలేది లేదు."

ముందురోజే వెళ్ళి షేక్‌పేటలో తెలిసిన డాక్టరు జానకిరామయ్యగారి బుర్ర తినొచ్చాడు.

"సరిగ్గా ఒంటిగంటన్నరకే ఎందుకండీ? ఎవరో గడియారం చూసి లేపినట్టు?"

"పడుకునేది ఎన్నింటికి?"

"పన్నెండింటికండీ."

"మరింకేం! నిద్రపట్టిన గంటా గంటన్నరకు, కలల నిద్ర మొదలయ్యే వేళకు పట్టుకుంటుంది. మెదడు లోపల బాదంగింజంత భాగం ఉందయ్యా, హైపోథాలమస్ అంటాం. ఒంటికి గడియారం అదే. ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు లేవాలో చెప్పేదదే. ఆ గడియారం పేచీ పెట్టిందంటే రోజూ అదే వేళకు నొప్పి తయారు. ఎందుకు పేచీ పెడుతుందంటావా, మాకూ పూర్తిగా తెలియదులే."

"పడుకుంటే తగ్గదా?"

"పడుకోనిస్తేగా! మైగ్రేన్ మనిషైతే చీకటిగదిలో ముడుచుకుంటాడు. వీళ్ళు ఒక్కచోట ఉండలేరు, ఇల్లంతా తిరుగుతారు. ఒక కన్ను ఎర్రబడి నీళ్ళు కారతాయి. అశ్రద్ధ చెయ్యొద్దు. ఆక్సిజన్ పెడితే పావుగంటలో తేలికపడొచ్చు."

ఇంటికొచ్చి చెబితే పూజిత దండం పెట్టింది. "ఆ సిలిండరేదో తెచ్చి పడేయండి బాబూ, పుణ్యముంటుంది!"

జూబ్లీహిల్స్ ఆఫీసులో అద్వైత్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన అసిస్టెంట్ డైరెక్టర్ ప్రజ్ఞ.

శ్రీకృష్ణ నేలమీద పడుకుని గురక పెట్టాడు. ఉలిక్కిపడి లేచాడు. కుడికన్ను అదిమి పట్టుకుని గోడదాకా పదకొండు అడుగులు, వెనక్కి పదకొండు. ధన్‌మని గోడకు తల. కుర్చీ ఈడ్చాడు, కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ ఈడ్చాడు. ఐస్ ట్రే అనుకుని టీ పళ్ళేన్ని బల్లకేసి బాదాడు. ఆ తర్వాత గొంతు చించుకుని మొదలుపెట్టాడు.

"పదిహేడొకట్ల పదిహేడు! పదిహేడు రెళ్ళు ముప్ఫైనాలుగు!"

పదిహేడార్లు నూటరెండు దగ్గర ఆగిపోయి "చచ్చాన్రా దేవుడా!" అని మళ్ళీ మొదటికొచ్చాడు. కుడికంట్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

"ఏందన్నా, గింత లొల్లా?" ప్రజ్ఞ నవ్వాపుకోలేకపోయింది.

అద్వైత్ మాత్రం నవ్వలేదు. "ఓవర్ యాక్షన్. కృష్ణగారూ, ఇది నా సొంత కథండీ. ఆ నొప్పి నాకుంది. ఏటా రెండు నెలలు పట్టుకుంటుంది, ఇప్పుడూ నడుస్తోంది. కానీ నేను పళ్ళు బిగించి సోఫాలో మునీశ్వరుడిలా కూర్చుంటాను. ఇంట్లో పిల్లి ఉన్నా దానికి కూడా తెలియదు."

శ్రీకృష్ణకు నీరసం ముంచుకొచ్చింది. మళ్ళీ "కారు రెడీ సార్" బతుకేనా?

"మనిషి ఇలాగే చేస్తాడు సార్. ఒట్టు!"

"ఇల్లు పీకి పందిరేసే రోగిని ఈ హైదరాబాద్ మొత్తంలో ఒక్కణ్ణి చూపించండి. వేషం మీదే."

అంటూ లేచిన అద్వైత్ తలుపు దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగాడు. కళ్ళద్దాలు తీశాడు. కుడికన్ను ఇంకా ఎర్రగానే ఉంది.

"అవునూ, ఆ పదిహేడో ఎక్కం ఎక్కడిది? స్క్రిప్టులో లేదే! నొప్పి మరిచిపోవడానికి నేను మనసులో చదువుకునేది అది. ఎవరికీ చెప్పలేదు. ఆ నూటరెండు దగ్గర ఆగడం కూడా..." దగ్గరకొచ్చి శ్రీకృష్ణ భుజమ్మీద చెయ్యి వేశాడు. పాపం, గొంతులో జాలి. "అంటే మీకూ ఉందా ఈ జబ్బు?"

ప్రజ్ఞ నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ శ్రీకృష్ణ వంకే చూస్తున్నారు. అవునంటే చాలు, వేషం ఒళ్ళో వాలేలా ఉంది.

"నాకు జన్మలో తలనొప్పి రాలేదు సార్," అన్నాడు శ్రీకృష్ణ చేతులు కట్టుకుని, "మీరు కథ రాసుకునే ఫ్లాట్‌కి సరిగ్గా కింద ఫ్లాట్ మాదండీ."