కొంగులో తులసి

నా ధర్మప్రచార బండి వెనక చిన్న చక్రాల ఇల్లు తగిలించుకుని ఊరూరా తిరుగుతాను. దాని ట్యాంకు నీళ్లే భక్తులకు తీర్థం. పోయిన నెల మహేంద్రమంగళంలో ఆ తీర్థం కంపు కొడుతోందని జనం ఉమ్మేశారు. ఈ నెల పాపారపట్టిలోనూ ఉమ్మితే ఇక నన్నెవరూ పిలవరు.

"పైపుల్లో పాచి పట్టిండాది. బ్లీచింగ్ పౌడరు ఏసి కడగల్ల," అంది నా భార్య జానకి.

"తీర్థంలో మందా? తులసి పడిన నీటిని మురికి అంటదని శాస్త్రం," అని గర్జించి, గుప్పెడు తులసి ఆమె చేతిలో పోసి ట్యాంకులో వేయమన్నాను.

పాపారపట్టిలో జనం తీర్థం తాగి, మళ్లీ చెయ్యి చాచారు. నేను మైకు పట్టుకుని గంటసేపు తులసి మహిమ చెప్పాను.

వేదిక దిగగానే జానకి కొంగుముడి విప్పింది. నా తులసి అంతా అందులోనే వాడిపోయి ఉంది.

"పోయిన తూరి ట్యాంకులో కుళ్లి కంపు కొట్టింది ఇట్లాంటి ఆకులే. దినమంతా మందునీళ్లు నిలిపి, వాసన పొయ్యేదాకా మూడు తూర్లు కడిగి పారబోసినాను," అంది.

శాస్త్రం ఎప్పుడూ నా చెయ్యి విడవలేదు. "తులసి నీళ్లలోనే పడనక్కర్లేదు. నీ కొంగులో ఉన్నా చాలు," అన్నాను.

"సరే సామీ. వచ్చే నెల కూడా తులసి నా కొంగులోనే ఉంటాది. ట్యాంకు కడిగే బ్రష్షు మీ చేతిలో ఉంటాది."