చల్లారిన బ్యాటరీ

"ప్రళయమొచ్చినా మా బ్యాటరీ సల్లారదు" అని పోలినాయుడు వీధంతా చాటాడు. తెల్లారేసరికి అది కుండలో నీళ్లలా చల్లబడిపోయింది.

ఆ రోజుల్లో ప్రతి పెరట్లోనూ ఉప్పూ గంధకాల బ్యాటరీ పొయ్యిలా కణకణలాడేది. మూత ఉంటేనే వేడి నిలిచేది. కోళ్లు పొదగడం ఏనాడో మానేశాయి కాబట్టి, పోలినాయుడి వదిన నరసమ్మ గుడ్ల బుట్టను దాని పక్కనే పెట్టి పొదిగించేది.

ఆ పొద్దున ఆమె ఒక్కో గుడ్డునూ చెవి దగ్గర పెట్టుకుంది. "నిన్న లోపల కిచకిచలాడినాయిరా. మూతెవులు తీసినారు?"

"ఊర్లో పిల్లులన్నీ కలిసి తీసుంటాయి వదినా."

"మరి నీ మూతి నల్లగా పొక్కిందేటి? మూత తీసి దాని మీద జీడిపిక్కలు కాల్సుకున్నావా?"

పోలినాయుడు మూతి తుడుచుకున్నాడు. వదిన తిట్టలేదు. చల్లటి గుడ్డొకటి అతని చేతిలో పెట్టి, "నువ్వే ఇను" అంది.

చాలాసేపు విన్నాడు. లోపల ఏ అలికిడీ లేదు.

"నానే వదినా. మూత ఎయ్యడం మర్సిపోనాను."